నలభై దాటిన తురకలు ఏం తొడుక్కోవాలి?

నలభై దాటిన మనిషి ఎలాంటి బట్టలు కట్టుకోవాలన్నది మామూలుగా పెద్ద ప్రశ్నేం కాదు. నడుము లావెక్కుతుంది. మోకాళ్ళు మొరాయిస్తాయి. ఇదివరకంత ఎండకు ఓర్చుకోలేం. పాత ప్యాంట్లు బిగుతవుతాయి, పాత జాకెట్లు పట్టవు. ఒంటికి హాయిగా ఉండాలి, నలుగురిలో అందంగా కనిపించాలి, ఖర్చు మన తాహతుకు మించకూడదు. ఈ మూడూ కుదిర్చే దర్జీ దొరికితే చాలు. మీకు ఈ ప్రశ్న అక్కడితో అయిపోతుంది. మాకు అక్కడ్నించే మొదలవుతుంది.

మేం తొడుక్కునే ప్రతి గుడ్డనూ ఎవరో ఒకరు మా వాంగ్మూలంగా రాసుకుంటారు. కుర్తా పైజామా వేస్తే మతం ముదిరిందంటారు. ప్యాంటూ షర్టూ వేస్తే ‘మీరు ముస్లింలా కనిపించరే!’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పులో దాగిన తిట్టు మాకు తెలుస్తూనే ఉంటుంది. ముస్లిం అంటే మరి ఎలా కనిపించాలని మీ లెక్క? గళ్ళ లుంగీ, చిల్లుల బనీను, మెడలో తాయెత్తు, కళ్ళకు సుర్మా. ఆ బొమ్మ మేం గీసింది కాదు. తెలుగు సినిమా దశాబ్దాలుగా మాకు తొడిగిన వేషం అది. అందులో మేం ఎక్కువగా రెండే రకాలు: ప్రాణమిచ్చే నమ్మినబంటు, ప్రాణం తీసే రౌడీ. పిల్లల ఫీజులు కట్టుకుంటూ, బీపీ మాత్రలు మింగుతూ, ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు పోయే నలభై అయిదేళ్ళ సాయిబు ఆ తెరమీద ఎంత వెతికినా దొరకడు.

పాతికేళ్ళప్పుడు జీన్సు ప్యాంటేసుకుని కాలేజీ గుంపులో కలిసిపోవచ్చు. నలభై దాటాక బట్టలు మార్చమని ఒళ్ళే చెబుతుంది. వదులు కుర్తా హాయిగా ఉంటుంది. వజూ చేసుకునేటప్పుడు చేతులు పైకి మడుచుకోవడం సులువు. రుకూలో వంగినా సజ్దాలోకి పోయినా నడుం దగ్గర పట్టెయ్యదు. మోకాలు నొప్పులున్నవాడు కుర్చీమీద నమాజు చదువుకున్నా ఇబ్బందుండదు. ఇందులో రాజకీయం ఏముంది? కానీ హాయికోసం వేసుకున్న కుర్తాకు వయసు తెచ్చిన నెరిసిన గడ్డం తోడయ్యేసరికి బస్సులో పక్కసీటాయన బ్యాగు దగ్గరికి లాక్కుంటాడు. అద్దె ఇల్లు చూడబోతే ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చిపోయిండ్రు’ అనే జవాబొస్తుంది. మీలో నలభై దాటినాయన ఖాదీ కుర్తా వేస్తే మేధావి. మాలో నలభై దాటినాయన అదే కుర్తా వేస్తే అనుమానితుడు. గుడ్డ ఒకటే, కుట్టిన దర్జీ కూడా ఒకడే కావచ్చు.

ఇంటివైపు చూద్దామంటే అక్కడా నెమ్మది లేదు. ప్యాంటూ షర్టూ వేసుకుని మసీదు మెట్లెక్కితే ‘ఉమర్ అయిపోతున్నది మియా, ఇంకా ఈ లిబాసేనా?’ అని పెద్దలు నిలబెట్టి అడుగుతారు. పైజామా చీలమండకు పైనుందా కిందుందా అని కొలిచేవాళ్ళు, మనిషి కడుపు నిండిందా లేదా అని కొలవరు. రంగు చొక్కా వేస్తే షోకులంటారు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టు, నలభై నిండగానే మా ఇష్టాలన్నీ మానుకోవాలని వీళ్ళొక ముహూర్తం పెట్టేశారు. బట్ట ఒళ్ళు కప్పడానికే కాదు, అలంకారానికి కూడా అని ఖురాన్‌లో ఏడో సూరా, అల్ ఆరాఫ్ చెబుతున్నది. అందాన్ని అల్లా ఇచ్చిన తర్వాత కాదనడానికి వీళ్ళెవరు?

బట్టల మాటకు ఇంత ఆవేశం ఎందుకని మీరనొచ్చు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళింది కూడా పాతబస్తీ కుర్రాళ్ళనే. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులన్నాయి. అప్పుడు పాతికేళ్ళున్న కుర్రాళ్ళు ఇప్పుడు నలభై దాటారు. వాళ్ళిప్పుడు ఏ బట్టలు వేసుకుని బయటికి పోవాలి? 2019 డిసెంబరు 15న జార్ఖండ్‌లోని దుమ్కా సభలో ఈ దేశ ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, నిప్పు పెడుతున్నవాళ్ళెవరో వాళ్ళ బట్టలను బట్టే తెలిసిపోతుందన్నారు. పౌరసత్వ చట్టం మీద దేశమంతా గొడవ నడుస్తున్న రోజులవి. ఆ మాట విన్నాక బీరువా తెరిచినప్పుడల్లా మాకు గుడ్డలు కనిపించడం లేదు, సాక్ష్యాలు కనిపిస్తున్నాయి. అంత పెద్ద కుర్చీలోంచి ఆ మాట వచ్చాక ‘బట్టల గురించి ఎందుకంత పట్టింపు’ అని మమ్మల్ని అడగడానికి ఎవరికీ మొహం లేదు.

మా ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. తెలంగాణ పల్లెల్లో, కోస్తాలో, రాయలసీమలో మా దాదీలు, నానీలు చీరలే కట్టారు. కొంగు నెత్తిమీద కప్పుకుని నాట్లేశారు, బీడీలు చుట్టారు, దూది ఏకారు, అంగట్లో కూరగాయలమ్మారు. వాళ్ళ ఈమాన్ ఏం తగ్గలేదు. సల్వారు కమీజును మీ ఆడపిల్లలు తొడిగితే ‘పంజాబీ డ్రెస్సు’ అయింది, ఫ్యాషనయింది. అంతకుముందు అదే బట్టను మావాళ్ళు వేస్తే ‘తురకోళ్ళ గుడ్డలు’ అన్నారు. ఇప్పుడు నలభై అయిదేళ్ళ హిందూ టీచరమ్మ మోకాళ్ళ నొప్పులకు చీర మానేసి చుడీదార్ వేసుకుంటే సుఖంగా ఉందంటుంది. అందరూ బాగుందంటారు. మా ఆపా ఏం వేసుకోవాలన్నా ముందు మూడు గుమ్మాల్లో జవాబు చెప్పాలి: ఇంట్లో, గల్లీలో, ఆఫీసులో.

బిడ్డకు సంబంధాలు చూడటం మొదలవగానే అమ్మ ఒంటిమీదికి బురఖా వస్తుంది. అంతకుముందు ఇరవయ్యేళ్ళు చీరమీదే ఉద్యోగం చేసినా సరే. ‘వియ్యాలవారు చూస్తే ఏమనుకుంటరు’ అన్న ఒక్క మాట చాలు. గల్ఫ్ నుంచి తమ్ముడు తెచ్చిన నల్ల పాలిస్టరు అబాయా అలా ఆమెకు యూనిఫారమవుతుంది. మే నెలలో రామగుండంలో, కొత్తగూడెంలో 45 డిగ్రీలు దాటే ఎండ. అప్పుడే నెలసరి ఆగిపోతూ ఒళ్ళంతా ఆవిర్లొచ్చే వయసు. గాలాడని ఆ గుడ్డలో ఆమె ఉడికిపోతుంటే మౌల్వీసాబ్ తెల్లని పల్చటి మల్లు కుర్తా వేసుకుని పరదా గురించి బయాన్ చేస్తాడు. సూరా నూర్‌లో చూపు దించుకోమని ముందు చెప్పింది మగవాళ్ళకు. ఆడవాళ్ళ మాట ఆ తర్వాత ఆయత్‌లో వస్తుంది. ఆ వరుస మాత్రం మా బయాన్లలో ఎప్పుడూ తిరగబడే ఉంటుంది.

అలాగని, బురఖా కనబడగానే జాలిపడే సెక్యులర్ మిత్రులారా, మీరు సంబరపడకండి. ఇష్టపడి కప్పుకున్న ఆమెను గుడ్డ విప్పితేగానీ మనిషి కాదన్నవాళ్ళ పక్కన మేం నిలబడం. 2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం విద్యాసంస్థల్లో యూనిఫారం గురించి ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. ఆడపిల్లల గురించే అందరూ మాట్లాడారు. ఆ ఫిబ్రవరిలో బడి గేట్ల ముందు పంతులమ్మలు కూడా రోడ్డుమీద నిలబడి బురఖాలు తీసి లోపలికి పోవడం టీవీల్లో చూశాం. ఏళ్ళ తరబడి పిల్లలకు అక్షరాలు నేర్పిన ఆడవాళ్ళు, సొంత విద్యార్థులు చూస్తుండగా, కెమెరాల ముందు పైగుడ్డ తీశారు. బలవంతంగా కప్పించడం ఎంత నీచమో బలవంతంగా తీయించడమూ అంతే నీచం. ఒకటి ఖండించి రెండోదాని దగ్గర నోరు మూసుకునేవాడిది స్త్రీవాదమూ కాదు, దీనూ కాదు.

ఇక షేర్వానీ. నిజాం కాలంలో హైదరాబాదులో షేర్వానీ ముస్లింల బట్ట కాదు, హైదరాబాదీల బట్ట. కాయస్తులు వేశారు, రెడ్లు వేశారు, వకీళ్ళు, విద్యార్థులు వేశారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో ఆ బట్టకు ఒక్కసారిగా మతమొచ్చింది. తర్వాత జరిగిన హత్యాకాండలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రోజుల్లో రూమీ టోపీలు, షేర్వానీలు ట్రంకుపెట్టెల అడుక్కి పోయాయని మా పెద్దలు చెప్పేవాళ్ళు. వాటిని మళ్ళీ బయటికి తియ్యడానికి చాలామందికి ధైర్యం చాల్లేదు. ఇవాళ ఏ ఊళ్ళో చూసినా హిందూ పెళ్ళికొడుకు రిసెప్షన్‌కు జరీ షేర్వానీ వేసుకుంటున్నాడు, అద్దెకైనా తెచ్చుకుంటున్నాడు. వేసుకోనీ, మాకు సంతోషమే. పత్తర్‌గట్టీలో కుట్టేవాళ్ళకు పని దొరుకుతుంది. కానీ అదే షేర్వానీ మాలో యాభై ఏళ్ళాయన సాహిత్య సభకు వేసుకొస్తే వెనక వరసలోంచి ‘నిజాం వచ్చిండు’ అని నవ్వెందుకు? బట్ట మీకు పండగైంది, మాకు నేరమెందుకైంది?

అసలు బట్టల్లో మాదేది మీదేదని విడదీయబోతే చివరకు ఎవరి ఒంటిమీదా నూలుపోగు మిగలదు. జేబు అరబ్బీ మాట. రుమాలు, పైజామా, దర్జీ, లోపల వేసే అస్తరు పార్సీనుంచి వచ్చాయి. మీ చొక్కాకు జేబు పెట్టిన భాష మాది, మా కుర్తాకు నూలు వడికిన చేతులు మీవి. ఆ నూలుకు ముందు దూది ఏకినవాళ్ళు మళ్ళీ మా దూదేకులవాళ్ళే. చీరాలలో, నల్లగొండ పుట్టపాకలో నూలును నూనెలో, బూడిదనీళ్ళలో నానబెట్టి తేలియా రుమాళ్ళు నేశారు. పద్మశాలీలు నేసిన ఆ రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బుల తలలకు చుట్టుకున్నాయి. ఇక్కడ జాలర్లు వాటినే లుంగీలుగా కట్టారు. మష్రూ అనే బట్ట సంగతి వినండి. మగవాడి ఒంటికి పట్టు తగలకూడదన్నారు. మన నేతగాళ్ళు పైకి పట్టు, ఒంటికి నూలు తగిలేలా నేసి ఆ చిక్కు తీర్చారు. మష్రూ అంటే షరీయత్ ఒప్పుకున్నదని అర్థం. అందం, హాయి, ధర్మం మూడూ ఒకే మగ్గంమీద కుదిరాయి. ఆ నేతగాళ్ళకున్న తెలివి ఇవాళ మాకు తీర్పులు చెప్పేవాళ్ళకు లేకపోయింది.

కాబట్టి నలభై దాటిన తురకలు ఏం తొడుక్కోవాలో మేమే చెబుతాం.

మాలో మగవాళ్ళు నేత నూలు కుర్తాలు నాలుగైదు కుట్టించుకోవాలి. రెండు పక్కలా లోతైన జేబులుండాలి, మోకాలికి కాస్త పైనే ఉండాలి, బండిమీద కూర్చుంటే చిక్కుకోకూడదు. తెలుపొక్కటే కాదు, ఇటుక రంగు, ముదురాకు పచ్చ, నీలం, ఏది నచ్చితే అది. ఆఫీసుకు నడుం వదులున్న ప్యాంటు చాలు. ట్రంకుపెట్టెలో అబ్బాజాన్ షేర్వానీ ఉంటే దాన్ని పారెయ్యొద్దు. కుట్లలో లోపలికి మడిచిన గుడ్డ ఉంటే దర్జీ నడుము విప్పి వెడల్పు చేస్తాడు. దాన్ని పెళ్ళిళ్ళకే కాదు, సభలకు కూడా వేసుకోండి. నవ్వేవాళ్ళ మొహాల్లోకి సూటిగా చూడండి.

మాలో ఆడవాళ్ళు చీర కట్టాలనుకుంటే మంగళగిరో నారాయణపేటో నూలుచీర కట్టాలి. కమీజు కావాలంటే దానికి జేబు పెట్టమని దర్జీతో కొట్లాడాలి. బురఖా వేసుకుంటానన్న ఆమెకు నూలుదో గాలాడేదో కుట్టించాలి, స్కూటీ చక్రంలో పడనంత పొడవే ఉండాలి. నల్లరంగు షరీయత్ కాదు, అలవాటు. వద్దన్న ఆమెను వదిలెయ్యాలి. బిడ్డ సంబంధం పేరు చెప్పి తల్లి నెత్తిన గుడ్డ పెట్టే ఇల్లు, రేపు ఆ బిడ్డకూ అదే చేస్తుంది.

జమాతు పెద్దలతో ఒక మాట. మా పైజామాల పొడవు కొలిచే టేపు పక్కన పెట్టండి. కట్నాలు కొలవండి, చదువు మానేసిన పిల్లల్ని లెక్కపెట్టండి. ప్రగతిశీల మిత్రులతో ఇంకో మాట. ముస్లింలా కనిపించనందుకు మమ్మల్ని మెచ్చుకోవడం ఆపండి. మేం ముస్లింల్లా కనిపించినప్పుడు మా పక్కన కూర్చోండి. మా మీద మీకున్న ప్రేమ మా ప్యాంటూ షర్టూ మీద ప్రేమ కాదని మాకెలా తెలియాలి? ఏలేవాళ్ళతో కూడా ఒకటుంది. బట్టల్ని బట్టి మనిషిని గుర్తుపడతామంటున్నారు గదా, గుర్తుపట్టండి. నెత్తిమీద టోపీ ఉన్నప్పుడు కూడా పన్ను కట్టే మనిషిగా, ఓటేసే మనిషిగా, ఈ మట్టిలో తాతముత్తాతల్ని పాతిపెట్టుకున్న మనిషిగా గుర్తుపట్టండి.

మిగిలిన సగం జీవితం మీకు సంజాయిషీ ఇచ్చే బట్టల్లో బతకడం మాకిష్టం లేదు. రేపు జుమ్మా నమాజుకూ, ఎల్లుండి ఆఫీసుకూ, ఆ సాయంత్రం కవిసమ్మేళనానికీ ఒకే కుర్తాలో వస్తాం. అది ఉతికి ఇస్త్రీ చేసి ఉంటుంది, దాని రంగు కూడా బాగుంటుంది. బాగుందని చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే ఊరుకోండి.