గ్లైడర్లు - పారాచ్యూట్ నిబంధనలు



హడప్సర్ మైదానం మీద గ్లైడర్లు తేలిపోతుంటే చూస్తూ పెరిగిన పుణె తెలుగువారిలో నేనొకడిని. ఇటీవల మా మేనల్లుడు గ్లైడింగ్ నేర్చుకుంటాననగా, పారాచ్యూట్ కట్టుకోవలెనా, అక్కరలేదా అనే ప్రశ్న మా ఇంట వచ్చినది. వివిధ దేశాల నిబంధనలు చూడగా తోచిన నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

అమెరికాలో గ్లైడరు ఎక్కిన ప్రతివారూ పారాచ్యూట్ ధరించాలనే నియమం లేదు. సిబ్బంది గాక వేరొకరిని ఎక్కించుకొని, కావాలని రెక్కలను 60 డిగ్రీలకు మించి వాల్చినా, ముక్కును 30 డిగ్రీలకు మించి ఎత్తినా, దించినా, అందరికీ అది ఉండి తీరాలి. శిక్షణకు కొన్ని మినహాయింపులు కలవు. బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ వారు మేఘాలలోకి పోయే గ్లైడరులో అందరూ ధరించాలన్నారు. ప్రపంచ పోటీలలోనైతే ప్రతివారికీ తప్పనిసరి.

ఈ మూడింటిలో పోటీల నియమమే సబబుగా ఉన్నది. ఇంజను లేని గ్లైడరు పైకి లేవాలంటే, ఎండకు వేడెక్కి లేచే గాలిలో గుండ్రంగా తిరగాలి. మంచి గాలి దొరికిన చోటికే అందరూ చేరతారు. అక్కడ ఒకదానినొకటి ఢీకొనే భయం ఎల్లప్పుడూ ఉన్నది. ఆ తిరుగుడులో రెక్కల వాలు సామాన్యంగా 60 డిగ్రీల లోపే గనుక, అమెరికా నియమం అక్కడ వర్తించదు. పైగా ఒంటరిగా ఎగిరేవానికి ఆ నియమమే లేదు. రెక్క విరిగిన తరువాత అతని ప్రాణం మాత్రం ప్రాణం కాదా?

నేలకు దగ్గరగా జరిగే ప్రమాదాలలో పారాచ్యూట్ విచ్చుకోవడానికి వ్యవధి ఉండదనీ, ఖర్చు అనీ కొందరంటారు. మొదటిది నిజమే. కాని ఎత్తున రెండు గ్లైడర్లు ఢీకొన్నప్పుడు వేరే దారి ఏమున్నది? చాలా గ్లైడర్ల ఆసనాలు వీపున పారాచ్యూట్ పట్టే విధంగానే తయారవుతున్నాయి.

అయితే కట్టుకొన్నంత మాత్రాన చాలదు. అమెరికాలో నైలాను వంటి వాటితో చేసిన పారాచ్యూట్‌ను 180 రోజులకొకసారి అర్హత గలవారు విప్పి మడవాలి. 2008కి పూర్వం ఆ గడువు 120 రోజులే. అంతకంటె ముఖ్యం, పైకప్పు విసర్జించడం, పట్టీలు విప్పడం, బయటికి దూకడం అనే క్రమం నేల మీదనే అలవాటు కావాలి. గాలిలో నేర్చుకొనే తీరిక ఉండదు.

కనుక ఇతర గ్లైడర్లతో కలిసి ఎగిరే ప్రతివారికీ, ఒంటరివారికీ, సరదాగా ఎక్కేవారికీ కూడా, పారాచ్యూట్‌నూ ఈ అభ్యాసాన్నీ తప్పనిసరి చేసే విషయం గ్లైడింగ్ సంఘాలవారు యోచించవలెనని కోరుతున్నాను. మా మేనల్లునికి ఆ రెండూ ఉంటేనే మా ఇంట అనుమతి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, పుణె