మృతక్రిమి నేర్పు పాఠము

టీకా వేయించిన నాటి రాత్రి బిడ్డకు జ్వరము వచ్చినదనియు, కావున మరల వేయింపమనియు పలుకు తల్లిదండ్రులు మన కొడంగల్ ప్రాంతమునను గలరు. వారి భయము ప్రేమవలన గలిగినదే; కాని ఆ నిర్ణయము సరికాదని నా యభిప్రాయము.

శిశువులకు 6, 10, 14 వారముల వయస్సున వేయు పెంటావాలెంట్ టీకాలో చంపిన కోరింతదగ్గు క్రిములు గలవు. ఇట్టి టీకాను హైదరాబాదు నందలి బయొలాజికల్ ఇ. సంస్థయు తయారుచేయుచున్నది. చచ్చిన క్రిమి వృద్ధిపొందజాలదు, రోగము గలిగింపజాలదు. అయినను దాని గురుతులు చాలవరకు చెడకుండును. శరీరమందలి కావలికణములు దానిని మ్రింగి, తునుకలు చేసి, టీ-లింఫోసైట్లకు జూపును. వాని సాయమున బీ-లింఫోసైట్లు ప్రతిరక్షకములను బుట్టించును. కొన్ని కణములు శత్రువును జ్ఞాపకముంచుకొనును. క్రిమి పైపొరను గుర్తించిన కణములు వెడలించు రసాయనములవలననే తరచుగా జ్వరము గలుగును.

1897వ సంవత్సరమున బొంబాయిలో హాఫ్‌కిన్ పండితుడు వేడిచే జంపిన ప్లేగు క్రిముల టీకాను మొదట తన దేహముననే పరీక్షించుకొనెను. ఆయనకును జ్వరము వచ్చెను. అయినను ఆయన వెనుదీయలేదు.

ఒక్కమారు చదివిన పాఠము మరపునకు వచ్చునట్లు కణముల జ్ఞాపకమును సన్నగిల్లును. అందుచేతనే 16-24 నెలల నడుమను, 5-6 ఏండ్ల నడుమను డి.పి.టి. టీకా మరల వేయుదురు. జ్వరము తీవ్రమైనను, మూర్ఛ వచ్చినను వైద్యునకు జూపవలెను. స్వల్పజ్వరమునకు వెరచి తక్కిన టీకాలను మానరాదు. కోరింతదగ్గుచే పసికందు ఊపిరాడక తల్లడిల్లుటకంటె ఒక్క రాత్రి జ్వరము మేలు కాదా? విద్యార్థులారా! ఇంట తమ్ముడో చెల్లెలో యున్నచో వారి టీకా కార్డును నేడే తీసి చూడుడు.