కెమేరా చెడినచో కూలి చెడవలెనా?

మన్యసీమలో నేడు మనుష్యుని యునికికి సాక్ష్యము చెప్పు నధికారము సెల్‌ఫోను కెమేరాకు సంక్రమించినది. పూర్వము పనికి వచ్చినవారి పేర్లు హాజరుపట్టీలో వ్రాసికొనెడివారు. వ్రాయువాడు పొరపడినచో నలుగురు చెప్పి దిద్దించెడివారు. ఇప్పుడట్లు గాదు. కూలివాడు గట్టెక్కి వచ్చి, పార పట్టి, మట్టి త్రవ్వి, చెమటోడ్చి నిలిచియున్నను, కెమేరా వానిని చూడనిచో ప్రభుత్వలెక్కలలో వాడు రానట్లే. కనుక కెమేరా యేల చెడును, చెడినప్పుడేమి చేయవలెను, దాని చేటునకు బాధ్యులెవరు అను ప్రశ్నలు యంత్రములు బాగుచేయువారికి మాత్రమే సంబంధించిన చిల్లరవిషయములు కావు. ఇవి కూటికి సంబంధించిన ప్రశ్నలు.

జరిగినదానిని క్రమముగా జూతము. ఉపాధిహామీ పనులలో ఛాయాచిత్రముల ద్వారా హాజరు తీసికొను పద్ధతిని కేంద్రప్రభుత్వము 2021 మే నెలలో ప్రవేశపెట్టినది. ఇరువదిమందియు నంతకు మించియు పనిచేయు చోట్ల 2022 మే 16 నుండియు, దాదాపు అన్ని పనులలో 2023 జనవరి 1 నుండియు దీనిని తప్పనిసరి చేసినది. ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి చిత్రము తీసి పంపవలెను. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి చట్టమునకు బదులుగా వేఱొక చట్టమును చేసినది. పేరు మాఱినను యంత్రసాక్ష్యముపై మోజు తగ్గలేదు. అంగన్‌వాడీలయందు గర్భిణులకును, బాలింతలకును, పసిబిడ్డల తల్లులకును ఇంటికిచ్చు పౌష్టికాహారమునకు ముఖపరీక్ష 2025 జూలై 1 నుండి నిబంధనయైనది. వ్రేలిముద్రలు అరిగిపోయిన వృద్ధుల పింఛనులకును ముఖమే ఆధారమగుచున్నది. మైదానమందలి రైతులును దీనికి దూరస్థులు గారు. ఈ-పంట నమోదులో పొలమునకు ఛాయాచిత్రము కావలసియున్నది గదా!

ఇట్టి పరీక్షకు అరకులోయ యెంతటి కఠినమైన చోటో ఆలోచింపవలెను. లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. శీతకాలమున ప్రొద్దెక్కువఱకు మంచు విడువదు. డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలములలో కొండవాలున నాలుగైదు గడపల పల్లెలు పెక్కులు గలవు. సెల్‌ఫోను గోపురములు ఇటీవల పెరిగినను, ఒక మలుపున దొరకిన సంకేతము మఱు మలుపున దొరకదు. ఫోనులో మాట వెలువడునది తెలుగున. వినవలసిన ముసలమ్మ యెఱిగినది కువియో, ఆదివాసీ ఒడియాయో. ఈ పరిస్థితులలో “కెమేరా పనిచేయలేదు” అను మాట నిత్యము వినవచ్చుటలో వింత లేదు. అయితే ఆ యొక్క మాటక్రింద పది వేఱు వేఱు లోపములు దాగియున్నవి. వానిని విడదీసి చూడకపోవుటయే మొదటి తప్పు.

విడదీయుటకు ఒక సులభమైన పరీక్ష గలదు. హాజరు యాప్‌ను విడిచి, ఫోనుతో వచ్చిన కెమేరానే తెఱచి చూడవలెను. అందులో చిత్రము చక్కగా పడినచో కెమేరా చెడలేదనియే అర్థము. అప్పుడు లోపము యాప్‌నందో, దానికిచ్చిన అనుమతియందో యున్నది. సెట్టింగులలో ఆ యాప్ పేరు తీసి, కెమేరాకును స్థలసూచికకును అనుమతి కలదో లేదో చూడవలెను. 2021లో వచ్చిన పండ్రెండవ ఆండ్రాయిడ్ మొదలుకొని కెమేరానంతను ఒక్కసారి మూయగల మీటయొకటి పైతెరలో చేర్చబడినది. బిడ్డలు ఆడుకొనుచు దానిని నొక్కినను చాలును, ఏ యాప్‌నకును కెమేరా తెఱచుకొనదు. మఱియొక యాప్ కెమేరాను పట్టుకొనియున్నను ఇట్లే యగును. వీడియో మాటలు నడచుచుండగా హాజరు తీయబోవువారికి ఇది తఱచు ఎదురగును. అన్నిటిని మూసి, ఫోనును ఆర్పి తిరిగి వెలిగించినచో పెక్కుమాఱులు దోషము తీరును.

ఫోను కెమేరాయు తెఱచుకొననిచో, లేక మసకగా తెఱచుకొనినచో, వేఱు హేతువులను వెదకవలెను. అద్దముపై దుమ్మో, నూనెచేతి మరకయో, పగిలిన తొడుగో యుండవచ్చును. మెత్తని పొడిగుడ్డతో తుడుచుట మొదటి చికిత్స. వేకువ చలిలో తిరిగిన ఫోనును పొయ్యిమంట గల యింటిలోనికి తెచ్చినచో అద్దముపై ఆవిరి పేరుకొనును. లంబసింగి ప్రాంతమున చలి యెంతటిదో యెఱిగినవారికి ఇది తెలియును. అది దానంతట ఆఱువఱకు ఓపికపట్టవలెనే గాని నిప్పునొద్ద పెట్టరాదు. బ్యాటరీ అడుగంటినప్పుడును, ఫోను మిక్కిలి వేడెక్కినప్పుడును కొన్ని ఫోనులు తమంతట తామే కెమేరాను నిలిపివేయును. చోటు నిండియున్నచో చిత్రము తీసినను నిలువదు. క్రిందపడి లోపలి తీగె సడలినచో మాత్రము మరమ్మతుదారునే ఆశ్రయింపవలెను.

ఇక్కడ నొక హెచ్చరిక యవసరము. యాప్ మొరాయించినపుడు దానిని తీసివేసి మరల వేయుట, లేక దాని సమాచారమునంతను చెఱిపివేయుట సామాన్యులు చెప్పు చిట్కా. సంకేతము లేనిచోట తీసిన హాజరు చిత్రములు ఇంకను పంపబడక ఫోనునందే నిలిచియుండవచ్చును. అట్టి సమయమున యాప్‌ను తుడిచినచో వానితోడ ఆనాటి కూలిలెక్కయు తుడుచుకొనిపోవచ్చును. తాత్కాలికముగా చేరిన చెత్తను తీయుట వేఱు, సమాచారమును తీయుట వేఱు. పంపవలసినవన్నియు పంపి, పంపినట్లు నిశ్చయించుకొన్న పిదపనే రెండవదానికి పూనుకొనవలెను. సంతలో మరమ్మతునకు ఇచ్చునపుడును ఇదే నియమము.

కార్యాలయములలోను పాఠశాలలలోను గల కంప్యూటర్లకును ఇట్టి క్రమమే వర్తించును. కెమేరాపై జరుపుమూత యున్నదేమో, మీటలవరుసలో కెమేరా గుర్తు గల మీట నొక్కబడినదేమో మొదట చూడవలెను. తరువాత విండోస్ సెట్టింగులలో గోప్యత విభాగమున యాప్‌లకు కెమేరా అనుమతి యున్నదో, బ్రౌజరు ఆ స్థలమునకు అనుమతించినదో పరీక్షింపవలెను. తీగెతో తగిలించిన కెమేరాయైనచో వేఱొక రంధ్రమున తగిలించి చూడవలెను. ఇవన్నియు చేసిన పిమ్మటనే డ్రైవరును మరల వేయు పనికి దిగవలెను. తేలికదానినుండి కష్టమైనదానికి పోవుటయే యిందలి సూత్రము.

ముఖపరీక్షయందు మఱియొక చిక్కు గలదు. కెమేరా నిర్దోషముగా నున్నను ముఖము చిక్కకపోవచ్చును. చీకటి గుడిసెలో కూర్చుండబెట్టి, తలుపు వెలుతురును వెనుక నుంచి తీసినచో ముఖము నల్లబడును. ఆరుబయట వెలుతురు ముఖముపై పడునట్లు నిలుపుటచే ఇది చాలవఱకు తీరును. కాని కన్నులార్పుమని యంత్రము కోరునపుడు శుక్లములు పట్టిన వృద్ధుడేమి చేయగలడు? ఈ ప్రశ్న సుప్రీముకోర్టు వఱకు పోయినది. ఆమ్లదాడికి గురియైనవారును, దృష్టిహీనులును కన్నులార్పలేక బ్యాంకు పరీక్షలలో తిరస్కరింపబడుచున్నారను వ్యాజ్యములలో 2025 ఏప్రిలు 30న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. అంకాత్మక సేవలను పొందుట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించు జీవితహక్కులో భాగమని యందు ప్రకటించి, ప్రభుత్వమునకు ఇరువది ఆదేశములిచ్చినది. యంత్రము మనుష్యునికి అనుగుణముగా మాఱవలెనే గాని, మనుష్యుడు యంత్రమునకు సరిపడలేదని త్రోసివేయరాదని దాని భావము. ఆ న్యాయము పాడేరు కొండలకు వర్తింపదా?

ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు. దొంగ హాజరులు వ్రాసి కూలిసొమ్ము మ్రింగినవారు గలరు. వారిని పట్టుటకే కెమేరా వచ్చినది. ఉద్దేశము మంచిదే. ఫలమెట్లున్నది? 2025 జూలై 8న కేంద్ర గ్రామీణాభివృద్ధిశాఖయే ఒక లేఖలో తన యనుభవమును చెప్పుకొన్నది. పనితో సంబంధము లేని చిత్రములు ఎక్కించుచున్నారనియు, చిత్రమునకే చిత్రము తీయుచున్నారనియు, లెక్కకును చిత్రమునకును పొంతన లేదనియు అందు వ్రాయబడినది. మోసగానికి కెమేరా అడ్డము గాలేదు. ఆర్పిన ఫోనుతో, అందని సంకేతముతో నిలిచిపోయినవాడు నిజముగా మట్టిమోసిన కూలివాడు. దొంగకు దారియు, దొరకు దండనయు గాక మఱేమి?

మినహాయింపులు కాగితముపై నున్నవి. హాజరు ఎక్కింపలేని ప్రత్యేకపరిస్థితులలో చేతివ్రాత హాజరును అనుమతించు నధికారమును జిల్లాస్థాయి యధికారికి ఇచ్చినారు. ముంచింగిపుట్టు కొండలలోని కూలివాడు ఒకనాటి కూలికై జిల్లాకేంద్రమైన పాడేరునకు పోయివచ్చుటకు మఱియొకనాటి కూలి కోల్పోవలెను. ఇట్టి మినహాయింపు ఉన్నను లేనట్లే. ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న వెలువరించిన ఆదేశము ఇంతకంటె మేలైనది. యంత్రము గుర్తింపలేకున్నను, సంకేతము లేకున్నను, వేఱొక విధమున గుర్తించి సరకు ఇచ్చి, సంగతి పుస్తకములో వ్రాయవలెనని అందున్నది. దానిని పల్లెపల్లెను అమలు జరుపుటయే కర్తవ్యము.

మన్యమున కూలిలెక్క యెన్నడును స్వల్పవిషయము గాదు. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున రేగిన పితూరీకి గల హేతువులలో, గూడెము ప్రాంతపు బాటపనులలో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కకపోవుట యొకటి. నాటి దొరతనము పోయి చిరకాలమైనది. ఆయన పేరనే 2022 ఏప్రిలు 4న జిల్లా యేర్పడినది. ఆ పేరుగల జిల్లాలో చేసిన పనికి కూలి రాకుండుటకు ఒక యద్దముపై మంచుపొర హేతువగుట మనకు గౌరవము గాదు.

కావున చేయవలసినవి నాలుగు గలవు. హాజరు తీయు ప్రతి మేటునకును, అంగన్‌వాడీ కార్యకర్తకును పైని చెప్పిన పరీక్షాక్రమమును ఒక్క పుటలో తెలుగునను, కొండభాషలలోను ముద్రించి చేతికిచ్చి, ఒక పూట చేయించి చూపవలెను. మండలమునకు కొన్ని మాఱు ఫోనులుంచి, సంతనాడు మరమ్మతుదారు నొకనిని నియమింపవలెను. కెమేరా గాని సంకేతము గాని విఫలమైననాడు పనివారిలో నలువురి సంతకములతో కాగితపు హాజరును పంచాయతీలోనే చెల్లనీయవలెను. ఏ గ్రామమున నెన్నిమాఱులు యంత్రము విఫలమైనదో నెలనెలకు ప్రకటింపవలెను. అట్లయిన దోషము ఎవరిదో తేటపడును. మురికి యద్దము మేటుది. పాతబడిన ఫోను ఇచ్చిన కార్యాలయముది. తెఱచుకొనని యాప్ దానిని చేసిన ప్రభుత్వముది. ఈ పట్టికలో ఎక్కడను కూలివాని పేరు లేదు. శిక్ష మాత్రము నేడు వానికే పడుచున్నది.

సెలవుదినములలో అరకు మంచును ఛాయాచిత్రములు తీసికొని ముచ్చటపడు పట్టణవాసులకును, కొండల దిగువ భూములు గల పెద్దలకును ఇందు కొంత బాధ్యత గలదు. వారి ఫోను చెడినచో వీధిచివర అంగడిలో బాగగును. తెలిసినవారు తెలియనివారికి ఒకమాఱు చూపుటకు ఖర్చులేదు. గ్రామసభలలో ఈ విషయమును లేవనెత్తుటకు భయపడవలసిన పని లేదు. కెమేరా ఉండనిండు, అది సాక్షిగా నుండవచ్చును. సాక్షి మూర్ఛపోయిననాడు ఫిర్యాదుదారుని శిక్షించు న్యాయస్థానము లోకమున నెక్కడను లేదు. ఆ పద్ధతి మన్యమున మాత్రమేల యుండవలెనో పాలకులు సమాధానము చెప్పవలెను.