నూనె మీద నింద, చక్కెరకు క్షమాభిక్ష

ఇంట్లో డోనట్లు చేసుకోవడం గురించి ఈమధ్య ఎవరు చెప్పినా ఒకే సలహా వినబడుతోంది. మూకుడు, నూనె జోలికి పోవద్దు, గుంటల ట్రేలో పిండి పోసి ఓవెన్‌లో పెట్టండి, ఆరోగ్యమూ దక్కుతుంది, డోనట్టూ దక్కుతుంది అని. ఓవెన్ లేని ఇంటికి ఎయిర్ ఫ్రయ్యర్ సిఫార్సు చేస్తున్నారు. నూనె పేరు వింటేనే గుండె మీద చెయ్యి వేసుకునే కాలం కాబట్టి ఈ సలహాకు ఎదురు ప్రశ్న వేసేవారు తక్కువ. బేక్ చేసిన డోనట్ రుచి బాగుండదని నేననను. బాగానే ఉంటుంది, మంచి కేకు ఎంత బాగుంటుందో అంత. నా అభ్యంతరమల్లా దానికి తగిలిస్తున్న ఆరోగ్యం అనే బిరుదు మీదే. ఆ బిరుదు లెక్కకు నిలబడదు.

ముందు నూనె సంగతి తేల్చుకుందాం. ఈస్టుతో పొంగించిన డోనట్ పిండిలో కొవ్వు పెద్దగా ఉండదు. పిండి, పాలు, కొద్దిగా చక్కెర, కాస్త వెన్న, అంతే. సుమారు 180 డిగ్రీల నూనెలో దాన్ని వేయగానే లోపలి నీరు ఆవిరై బుడగలుగా బయటికి తన్నుకొస్తుంది. ఆవిరి అలా బయటికి తోస్తున్నంతసేపూ నూనె లోపలికి చొరబడటం కష్టం. బయటికి తీశాక చల్లబడుతున్నప్పుడు లోపలి ఆవిరి నీరుగా మారి ఒత్తిడి తగ్గుతుంది, పైన అంటుకున్న నూనె అప్పుడు లోపలికి పీల్చుకుపోతుంది. అంటే డోనట్ తాగే నూనెలో చాలాభాగం మూకుట్లో కాదు, పళ్లెంలో తాగుతుంది. అరిసెను దేవిన మరుక్షణమే చెక్కల మధ్య పెట్టి ఒత్తడంలో ఉన్న తెలివి ఇదే. డోనట్‌ను అలా ఒత్తితే అప్పడమవుతుంది గనక ఒత్తలేం. కానీ నూనె సరిగ్గా కాగాక వేయడం, ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నరకు మించి ఉంచకపోవడం, తీసిన వెంటనే జాలీ మీద వేసి పై నూనె అద్దేయడం మన చేతిలోనే ఉన్నాయి. ఇన్ని చేసినా నూనె పడుతుంది, కాదనను. గ్లేజ్ పూసిన ఈస్టు డోనట్‌లో వంద గ్రాములకు 22 గ్రాముల దాకా కొవ్వు ఉంటుంది.

మరి ఓవెన్‌లో ఏం జరుగుతుంది? అదే 180 డిగ్రీలైనా గాలి వేడిని నూనె అంత వేగంగా పిండికి అందించలేదు. పైన పెచ్చు కట్టేలోపు పిండి నెమ్మదిగా ఎండుతుంది. ఎండిపోయి పీచులా రాకుండా మెత్తగా ఉండాలంటే కొవ్వును ముందే పిండిలో కలపాలి. చక్కెర కూడా తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అదీ పెరుగుతుంది. ఇక ట్రేలోంచి తీశాక దాల్చినచెక్క పొడి, చక్కెర అద్దాలంటే పొడి ఒంటికి అంటుకోదు, అందుకని కరిగించిన వెన్నలో ముంచుతారు. ముందు గుమ్మంలో నూనెను అడ్డుకున్నామని సంబరపడుతుండగానే అది దొడ్డిదారిన రెండుసార్లు ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు లెక్క. తరచుగా కనబడే కొలతలే తీసుకుందాం. ఆరు డోనట్లకు మైదా 125 గ్రాములు, చక్కెర వంద గ్రాములు, నూనె పావు కప్పు, అంటే 55 గ్రాములు, ఒక గుడ్డు, అరకప్పు పాలు. అన్నీ కలిపి సుమారు 1,500 కేలరీలు, ఒక్కోదానికి 250. పైపూతకు 40 గ్రాముల వెన్న, 50 గ్రాముల చక్కెర పట్టాయనుకుంటే ఒక్కోదానికి మరో 80 చేరి 330 అవుతుంది. కొవ్వు 15 గ్రాముల చుట్టుపక్కల, చక్కెర సరిగ్గా 25 గ్రాములు. అరవై గ్రాముల వేయించిన గ్లేజ్ డోనట్‌లో కేలరీలు 250 దాకా, కొవ్వు 13, 14 గ్రాములు. బేక్ చేసినది బరువు కూడా ఎక్కువేగా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, కానీ డోనట్‌ను తూకం వేసుకుని ఎవరూ తినరు, ఒకటి, రెండు అనే తింటారు. పైగా ఆ 25 గ్రాముల చక్కెర చిన్న సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో, పైనుంచి కలిపే చక్కెరలు రోజువారీ శక్తిలో పదో వంతు లోపు ఉండాలని, అయిదు శాతానికి దిగితే ఇంకా మేలని చెప్పింది. అయిదు శాతమంటే పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములే. ఒక్క ‘ఆరోగ్యకరమైన’ డోనట్‌తో ఆ పూటకే కాదు, ఆ రోజుకే కోటా చెల్లు.

డోనట్‌కు ఆరోగ్యం ముసుగు తొడగడం ఇదే మొదటిసారి కాదు. 1940లలో, యుద్ధకాలపు అమెరికాలో, డోనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా ‘విటమిన్ డోనట్లు’ అంటూ ప్రచారానికి దిగింది. ఆ పేరు వాడటానికి ప్రభుత్వ పోషకాహార విభాగం ఒప్పుకోలేదు. పోషకాలు కలిపిన పిండితో చేసిన డోనట్లు అని చెప్పుకోండి, అంతవరకే అంది. ఆ సంస్థ వెనకున్న మనిషి అడాల్ఫ్ లెవిట్, 1920లో న్యూయార్క్‌లో డోనట్ యంత్రం తయారు చేయించినవాడు. నా వాదనకు అసలు సాక్ష్యం ఆ యంత్రమే. అంతకు శతాబ్దం ముందే, 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ తన న్యూయార్క్ చరిత్రలో పంది కొవ్వులో వేయించిన తీపి పిండి ఉండల గురించి రాశాడు. వేయించడం అప్పుడూ ఉంది. కానీ చేత్తో వాయి తర్వాత వాయి దేవాల్సిన వంట రోజూ ఎవరూ చేయరు. యంత్రం వచ్చాకే డోనట్ రోజువారీ తిండి అయింది. మన పిండివంటలకూ ఇదే వర్తిస్తుంది. అరిసెలు సంక్రాంతికి చేస్తారు కాబట్టి సరిపోయింది, వారంవారం చేస్తే చెక్కలు ఎంత ఒత్తినా లాభం లేదు. శ్రమే ఇన్నాళ్లూ పగ్గం పట్టింది. ఓవెన్ ట్రే ఆ శ్రమను తీసేసి, మీదుమిక్కిలి తప్పు చేయడం లేదన్న ధైర్యాన్ని కూడా ఇస్తోంది.

వాడిన నూనె మళ్లీ మళ్లీ కాచడం ప్రమాదం కదా అనే ఆక్షేపణను తేలిగ్గా తోసేయలేం. మన ఆహార భద్రత సంస్థ కూడా వంట నూనెలో, కాచినకొద్దీ పెరిగే పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించితే వాడకూడదని 2018 నుంచి నిబంధన పెట్టింది. కానీ అది నూనెను మళ్లీ వాడటంలోని దోషం, వేయించడంలోది కాదు. ఇంట్లో లోతైన చిన్న గిన్నెలో తక్కువ నూనె పోసి, మిగిలింది వడకట్టి త్వరగా తాలింపులకు వాడేస్తే ఆ భయం లేదు. పిల్లలు చుట్టూ తిరిగే వంటింట్లో కాగే నూనె ప్రమాదమంటే మాత్రం బేషరతుగా ఒప్పుకుంటాను. ఆ కారణంతో ఓవెన్ వాడేవాళ్లతో నాకు తగాదా లేదు. పిండిపదార్థాలు బాగా వేడెక్కినప్పుడు పుట్టే హానికర రసాయనం ఎక్రిలమైడ్ పేరు చెప్పి భయపెట్టేవారు మాత్రం అది వేపుళ్లలోనే కాదు, బిస్కెట్లలో, రొట్టెల్లో కూడా ఏర్పడుతుందని గుర్తుంచుకోవాలి. ఇక మైదా తీసి గోధుమపిండి, చక్కెర తీసి బెల్లం వేస్తామనే వాళ్లున్నారు. గోధుమపిండితో కాస్త పీచు చేరుతుంది, సంతోషం. బెల్లం మాత్రం శరీరం లెక్కలో చక్కెరే.

వంటలు చెప్పేవాళ్లను అడిగేది ఒక్కటే. ఆరోగ్యకరం అనే మాట వేసేముందు ఒక్కో డోనట్‌కు ఎన్ని గ్రాముల చక్కెర, ఎన్ని గ్రాముల కొవ్వో పక్కనే రాయండి. చూశాక కూడా బేక్ చేయాలనిపిస్తే చేసుకోండి, పైపూత వెన్న మానేసి, చక్కెర సగానికి తగ్గించి. డోనటే కావాలనిపిస్తే పండగకో పుట్టినరోజుకో కొత్త నూనె కాచి, తలా ఒకటి వేయించుకుని తినండి.