సంఘాల మెయిల్‌కు తాళం ఏదీ?

గల్ఫ్‌లో మన తెలుగు సంఘాలు చాలావాటికి ఇప్పుడు సొంత పేరుతో ఈమెయిల్ ఉంది. ఏ హోస్టింగ్ కంపెనీకో ఏడాదికింత అని కట్టి తీసుకున్నదే. జీతం రాని కార్మికుడు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కున్నవాడు, మృతదేహం కోసం ఊళ్లో ఎదురుచూసే కుటుంబం.. అందరూ కాగితాలు పంపేది ఆ అడ్రసుకే. అలాంటి మెయిల్‌ను మనం ఎలా తెచ్చుకుంటున్నామో ఒక్కసారి చూసుకోవాలని మా మనవి.

చాలాచోట్ల ఎప్పుడో ఎవరో పెట్టిపోయిన సెట్టింగే నడుస్తోంది. పాప్ అయితే పోర్టు 110, ఐమ్యాప్ అయితే 143, ఎన్‌క్రిప్షన్ దగ్గర 'నన్'. అంటే పాస్‌వర్డు, ఉత్తరం, దానికి జతచేసిన అకామా నకలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే వైఫై మీదుగా పోతాయి. క్యాంపులో వైఫై నడిపేది ఎవరు? చాలాసార్లు కంపెనీయే. ఆ కంపెనీ మీద రాసిన ఫిర్యాదును ఆ కంపెనీ తీగ మీదుగానే విప్పి తెచ్చుకుంటున్నామన్న మాట! 'మా దగ్గర దాచేదేముంది' అనేవాళ్లున్నారు. దాచుకోవాల్సింది సంఘానికి కాదు, ఆ ఉత్తరం రాసి రేపు మళ్లీ డ్యూటీకెళ్లేవాడికి.

మార్చడం పెద్ద పనేం కాదు. ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ ఎంచుకుని పాప్‌కు 995, ఐమ్యాప్‌కు 993 పెట్టాలి. పంపడానికి 465, లేదంటే స్టార్ట్‌టీఎల్ఎస్‌తో 587.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. 'సర్టిఫికెట్‌లో పేరు సరిపోలేదు' అని తెరమీద హెచ్చరిక పడుతుంది. హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద ఎన్నో సంఘాలు, దుకాణాల పేర్లుంటాయి. సర్టిఫికెట్ మాత్రం చాలాసార్లు హోస్టింగ్ కంపెనీ పేరునే ఉంటుంది. మనం సర్వర్ గడిలో రాసింది మన సంఘం పేరు. అందుకే ఆ గొడవ. మనవాళ్లు ఏం చేస్తారు? 'ఎస్' నొక్కేస్తారు, విసుగొస్తే ఎన్‌క్రిప్షనే తీసేస్తారు. ఎయిర్‌పోర్టులో వేరే కంపెనీ బోర్డు పట్టుకున్నవాడి బండెక్కి కూర్చున్నట్టే ఇది. హోస్టింగ్ వాళ్లను అడిగితే సర్వర్ అసలు పేరు చెబుతారు, ఆ గడిలో అదే రాయాలి. లేదా మన పేరు మీదే సర్టిఫికెట్ పెట్టించాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 చివరి నుంచి వీటిని ఉచితంగానే ఇస్తోంది కాబట్టి ఖర్చు అన్న సాకు చెల్లదు.

హోస్టింగ్ కంపెనీలనూ వదలకూడదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2018లోనే ఎన్‌క్రిప్షన్ లేని మెయిల్‌కు కాలం చెల్లిందని చెప్పింది. అయినా పాత కస్టమర్లు ఎక్కడ ఫోన్లు చేస్తారోనని ఆ దారి మూయనివాళ్లున్నారు. మూసేయమని మనమే అడగాలి.

ఒక్కటి మరువొద్దు. ఈ తాళం దారికి మాత్రమే. సర్వర్ మీద పడి ఉన్న ఉత్తరానికి గానీ, ఆఫీసువాళ్ల నిఘా ఉన్న కంప్యూటర్లో తెరిచిన ఉత్తరానికి గానీ ఇది కాపు కాయదు. సెట్టింగ్ మార్చిన రోజే పాస్‌వర్డూ మార్చాలి, పాతది ఇన్నాళ్లూ వీధిలో తిరిగిందే కదా. పాత కమిటీవాళ్ల ఫోన్లలో ఆ ఖాతా ఇంకా ఉంటే, మొహమాటపడకుండా అదీ తీయించేయాలి.