హస్తకార్తెలో వరిమడి

హస్తకార్తె ప్రవేశించి, వానలు ఒకపరి తెరిపియిచ్చి మరల ముసురుపట్టి, పగటి ఉక్కయు రాత్రి చెమ్మయు మడులను విడువక నిలిచిన దినములలో, సుల్తానాబాదు మొదలు మంథని వరకు ఏ గట్టుమీద నిలిచి విన్నను వరిరైతు నోట వినవచ్చు మాట దోమపోటు. వ్యవసాయాధికారులు సుడిదోమ యని వ్యవహరించు ఈ గోధుమవన్నె పురుగు, బియ్యపుగింజకంటె చిన్నదయ్యును, నీటికి కొంచెము పైగా దుబ్బు మొదళ్ళను పట్టుకొని రసమును పీల్చి, నిన్నటిదాక పచ్చగా నున్న మడి నడుమ వలయములు వలయములుగా పైరును ఎండగట్టును. పిమ్మట జరుగు తంతు అందరెరిగినదే: రైతు ఎరువుల దుకాణమునకు పరుగెత్తుట, దుకాణదారు రెండు మందులు కలిపి కొట్టుమనుట, వారము తిరుగకుండ మూడవదాని పేరు చెప్పుట.

ఈ పురుగును పెంచునది వాతావరణమే యనుట అసత్యము కాదు. 25 నుండి 30 డిగ్రీల వేడిమియు, గాలిలో దండిగా తేమయు, దుబ్బుల నడుమ ఎండ చొరని నీడయు సమకూడినచో ఆడుదోమ వందలకొలది గ్రుడ్లను ఆకుతొడుగులలో చొప్పించును. ఆహారము పుష్కలముగా నున్నంతకాలము దాని సంతతిలో పెక్కు పొట్టిరెక్కలతో పుట్టి, ఎగురుట మాని, గ్రుడ్లు పెట్టుటయే వృత్తిగా బ్రదుకును. పైరు వాడి, దోమలు క్రిక్కిరిసినపుడు పొడవురెక్కలవి పుట్టి గాలివాటున పొరుగుమడికి వలసపోవును. హస్త, చిత్త కార్తెల వాతావరణము సరిగా దీనికి తగినట్టిది. అయితే ఆ నీడను దట్టము చేసినదెవరు? నాట్లు దగ్గరదగ్గరగా వేసి, యూరియాను చేతికి వచ్చినంత చల్లి, ఆకును మెత్తగా రసవంతముగా పెంచినది మనము. కాకతీయ కాలువ పంపిణీ పాయలైన డి-83, డి-86ల నీరు పారిన చోట్ల వానాకాలపు వరి కోసిన కొలది దినములకే యాసంగి వరి నాటుచుండుటచే, పురుగునకు తిండి లేని కాలమే కుదించుకొనిపోయినది. కాలువను నిందించుట నా యుద్దేశము కాదు. నీరు చాలని దినములలో ఈ ప్రాంతపు యువకులు భీవండికిని దుబాయికిని తరలిపోయిన కథ మరువదగినది కాదు.

వేడిమి పైరును వేరొక త్రోవను కూడ పీడించును. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు తమ క్షేత్రమున 1979 నుండి 2003 వరకు నమోదైన వాతావరణపు లెక్కలను పరిశీలించి 2004లో ప్రకటించిన దానినిబట్టి, పంటకాలమున రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ హెచ్చినచో దిగుబడి సుమారు 10 శాతము తగ్గినది. ఆ డిగ్రీని దించుట పెద్దపల్లి రైతు చేతిలోని పని కాదు. ఆతని చేతిలో నున్నది వేరొకటి.

అదే మడిలో, అదే దుబ్బు మొదట, సాలీడు కలదు. దోమ గ్రుడ్లను వెదకి పీల్చు మిరిడ్ నల్లి కలదు. నీటిపై తిరుగాడు తూనీగ కలదు. వేటకు గురియగు జీవి పెరిగిన పిమ్మటగాని వేటాడునది పెరుగదు గనుక, వాతావరణము అనుకూలించిన తొలి వారములలో దోమది పైచేయిగా కనబడుట సహజము. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లని సాలీడును ఆక్షేపించువారికి నా సమాధానమిది: కుక్కలు ఆలస్యముగా మొరుగుట వేరు, దొంగలు రాకమునుపే మనమే కుక్కలకు విషము పెట్టుట వేరు. నాట్లు వేసిన నెలలోపలనే ఆకుముడుత పురుగు పేరిట కొట్టు మందు చేయునది ఈ రెండవ పనియే.

దీనికి గణితశాస్త్రపు సాక్ష్యము శతాబ్దముక్రిందటనే లభించినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆడ్రియాటిక్ సముద్రమున చేపలవేట మందగించినపుడు, ట్రియెస్టె, ఫియూమె, వెనిస్ నగరముల అంగళ్ళకు వచ్చు సరుకులో సొరచేపల వంటి వేటాడు చేపల పాలు ఎక్కువయ్యెనని ఉంబెర్టో దాంకోనా అను జీవశాస్త్రజ్ఞుడు గమనించి, కారణమేమని గణితవేత్తయగు వీటో వోల్టెర్రాను అడుగగా, ఆయన 1926లో తన సమాధానమును ప్రకటించెను. తినునవియు తినబడునవియు కలిసియున్న చోట ఉభయములను సమముగా చంపుచు పోయినచో, సగటున పెరుగునది తినబడునదే, తరుగునది తినునదే యని ఆయన సమీకరణములు తేల్చినవి. సముద్రమున వలకు లేని వివక్ష మడిలో పురుగుమందునకు మాత్రము ఎక్కడిది? ఇండొనీషియా ఈ పాఠమును సుడిదోమచేతనే నేర్చుకొన్నది. 1986లో అధ్యక్షుడు సుహార్తో 57 రకముల పురుగుమందులను వరిపై వాడరాదని శాసించెను. తరువాత రైతులకు పొలములోనే బడులు పెట్టిరి. మందుల వాడకము తగ్గినది, ధాన్యము తగ్గలేదు.

సర్వత్ర ఈ న్యాయము చెల్లునని నేననను. 2018 మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ అను తుపానులు అరేబియా ఎడారిలో వానలు కురిపించి, ఇసుకపై పచ్చిక మొలిపించి, మిడుతలను తరములు తరములుగా పెంచగా, దండు 2020 వేసవికి విదర్భమును చేరినది. మన ప్రభుత్వము నిపుణుల సంఘమొకదానిని రామగుండమున మకాము వేయించి గోదావరి ఆవలి వార్తలకు ఎదురుచూచినది. దండు ఇటు రాలేదు. వచ్చియుండినచో ఏ పిట్టయు దానిని ఆపజాలదు. సుడిదోమ అట్టిది కాదు.

మందు ఎన్నడును కొట్టవలదని చెప్పుట సులభము. కౌలుకు తీసుకొన్న రెండెకరములపై అప్పు మోయువానికి అది వినుట కష్టము. నేను కోరునది అంత పెద్దది కాదు. నాటునపుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పుపడమరలుగా విడుచుట, యూరియాను తగ్గించి దఫాలుగా వేయుట, దోమ కనబడినపుడు మడిని ఆరగట్టుట వ్యవసాయశాస్త్రజ్ఞులు ఏండ్లుగా చెప్పుచున్నవే. వీనికి తోడు లెక్కింపు కావలెను. రాష్ట్రమున సుమారు 5,000 ఎకరములకొకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టబడినవి. భాద్రపదము దాటకమునుపే విస్తరణాధికారులు రైతులను ఆ భవనములనుండి మడిలోనికి దించి, దుబ్బును విడదీయించి, దోమలతోపాటు సాలీళ్ళను, నల్లులను కూడ లెక్కింపజేయవలెనని వ్యవసాయశాఖను ప్రార్థించుచున్నాను. ఆ లెక్క చూడక మందు పేరు చెప్పు అధికారము ఏ దుకాణమునకును ఉండరాదు.