అరుగుమీద పంచనామా

మొన్న సంక్రాంతికి మా అక్కయ్య కొడుకు హైదరాబాదునుంచి నర్సీపట్నం వచ్చాడు. వచ్చాడన్న మాటేగాని, కనుమనాడు కూడా వీధి అరుగుమీద ల్యాప్‌టాప్ వొళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గారెలు చల్లారిపోతున్నాయని మా ఇంటావిడ రెండుసార్లు కేకేసింది. పలకలేదు.

"ఏమిట్రా అంత కొంప మునిగిన పని?" అన్నాను.

"శవపంచనామా, మావయ్యా!" అన్నాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని. పండగపూట ఆ మాటకి ఉలిక్కిపడ్డానంటే మీరు నవ్వరు గదా!

సంగతేమిటంటే, వాళ్ల కంపెనీవారి ప్రోగ్రాం ఒకటి పదిరోజులకోసారి, అర్ధరాత్రివేళ కూలిపోతోందట. కూలిన క్షణాన దాని జ్ఞాపకంలో వున్నదంతా ఒక ఫైలులో దిగిపోతుంది. దాన్నే క్రాష్ డంప్ అంటారు. కోర్ డంప్ అని పాత పేరు. 1950, 60లలో కంప్యూటర్ల జ్ఞాపకం చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలలో వుండేది. వాటికి కోర్ అని పేరు. ఉంగరాలు పోయినా పేరు మిగిలింది.

"నీ యెదటే మళ్లీ కూలేట్టు చేసి చూడరాదుట్రా?"

"అదే చిక్కు. మనం చూస్తూంటే బుద్ధిమంతుడిలా నడుస్తుంది."

ఒక ప్రోగ్రాంలో ముప్ఫై పనులు ఏకకాలంలో సాగుతూ వుంటాయి. వాటిని థ్రెడ్లంటారు; మనం పోగులందాం. అందరికీ జ్ఞాపకం ఒక్కటే. ఎవరు ముందు ముట్టుకుంటారో యే రోజు కారోజే. కనిపెట్టి చూడాలని మనం పెట్టే చిన్న ఆలస్యమే ఆ వరసను మార్చేస్తుంది.

"ఒక్కోసారి కూలదు, బిగుసుకుపోతుంది. నీ తాళం యిస్తేగాని నా తాళం యివ్వనని రెండు పోగులు భీష్మించుకుంటాయి."

"పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు! అంతేనా?"

"అంతే. కాని ఆ తాళంమీద పట్టుకున్నవాడి నంబరుంటుంది గనక సులువు. ఇది అది కాదు."

ఇక్కడ అసలు కథ. జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి రాసిన భాగం నడుస్తూండగానే ప్రతిసారీ కూలిందట. తప్పు ఆమెదేనని పైవాళ్లు తేల్చేశారు. సోమవారం సంజాయిషీ యిచ్చుకోవాలి.

మావాడు జి.డి.బి. అనే పనిముట్టు తెరిచి, "థ్రెడ్ అప్లై ఆల్ బి.టి." అని కొట్టాడు. చచ్చిన పోగొక్కటే కాదు, ఆ క్షణాన ప్రతి పోగూ యెక్కడ నిలబడివుందో, యెవరు పిలవగా అక్కడికి చేరిందో బారులు తీరి కనిపించింది. అమ్మాయి పోగు చదవబోయినచోట ఒక చిరునామా వుండాలి. ఉన్నవి అర్థంలేని అంకెలు. వాటిని అక్షరాలుగా మార్చి చూస్తే ఇంగ్లీషు వాక్యం ముక్క బయటపడింది.

వాడి ముఖం పాలిపోయింది.

"ఇది నేను రాసిన వాక్యం, మావయ్యా. మూడేళ్లనాటిది."

వాడి పోగు ఖాళీచేసి అప్పగించిన ఇంట్లోకే మళ్లీ వెళ్లి సామాను దించుతోంది. ఈలోగా ఆ యిల్లు అమ్మాయి పోగుకి అద్దెకిచ్చారు. పాపం, తన యింట్లో తను అడుగుపెట్టి అది చచ్చింది!

ఇదేమంత అనుకోకండి. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్లమందికి కరెంటు పోయింది. దానికి గల కారణాలలో ఒకటి, ఒహాయోలోని కంట్రోలు గదిలో హెచ్చరిక ప్రోగ్రాం మూగబోవడం. రెండు పనులు ఒకేచోట ఒకేసారి రాసుకున్నాయి. గంటకు పైగా అక్కడివారికి హెచ్చరికలు ఆగిన సంగతే తెలియలేదు. తర్వాత ఆ తప్పు పట్టుకోవడానికి వారాలు పట్టింది.

మావాడు చాలాసేపు ఫోను చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. చివరికి పైవాడికి చేసి, "తప్పు నాదేనండీ," అన్నాడు. తర్వాత ఆ అమ్మాయికి చేశాడు. ఆ తర్వాతే గారెలు తిన్నాడు.

సెలవులయ్యాక కాలేజీలో నా సొరుగు తీశాను. పరీక్షలో చీటీ తన బల్లకింద దొరికిందని ఒక కుర్రాడిమీద నేను రాసి వుంచిన ఫిర్యాదు అందులో వుంది. దాన్ని పక్కన పెట్టి, ఆ రోజు గదిలో మిగతావాళ్లు యెక్కడెక్కడ కూర్చున్నారో కాగితం తెప్పించమని ప్యూనుకి చెప్పాను.